కాస్త జరిగి కూర్చోండి

పోర్ట్ సయీద్,
అక్టోబరు.

ఇనాస్ అక్కకి,

మూడు నెలలు ముందు పుట్టావని నిన్ను అక్కా అనాల్సి రావడం నా తలరాత. ఫోనులో నిన్ను బ్లాక్ చేసిన సంగతి నీకు తెలుసు. తీసేసే ఉద్దేశం కూడా లేదు. కానీ నువ్వు తీసిన రీళ్ళు కడిగేదాన్ని నేనే అయిపోయాను, కడిగినవి నీకు చేరాలి. అందుకని మైక్రోబస్ డ్రైవరు షలబీ చేతికిచ్చే పొట్లంలో ఈ కాగితం కూడా కుక్కుతున్నాను.

అసలు మామయ్య చేసిన పంపకం ఎక్కడైనా ఉందా? మీ అమ్మా మా అమ్మా ఇద్దరూ ఆయన చెల్లెళ్ళేగా. ఒక చెల్లెలి కూతురికి బెల్లం, ఇంకో చెల్లెలి కూతురికి బెల్లం చుట్టిన కాగితమా? బడి మానేసిన దగ్గర్నుంచి ఆ స్టూడియోలో చాకిరీ చేసింది నేను. మందుల నీళ్ళలో నానీ నానీ నా గోళ్ళు పసుపురంగుకి తిరిగాయి. నువ్వు పండక్కి వచ్చేదానివి, "మామయ్యా!" అంటూ మెడకి వేలాడేదానివి, మళ్ళీ కైరో బస్సెక్కేదానివి. తీరా స్టూడియో మూసేసిన రోజున కెమెరా నీ చేతిలో పెట్టి, డార్క్‌రూమ్ నా మొహాన కొట్టాడు. చూడ్డం నీ వంతు, కడగడం నా వంతు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

ఆరోజు ఆయనన్న మాట మర్చిపోయావేమో, గుర్తు చేస్తున్నాను. "ఈ జెనిట్ కెమెరా ముందు ఇనాస్ దగ్గర ఉంటుంది, కొత్త సంవత్సరంలో రావియా దగ్గరికి వస్తుంది. మీ ఇద్దరిలో నా ఫోటో నాకు నచ్చేట్టు ఎవరు తీస్తే ఇక కెమెరా వాళ్ళదే. కొత్త రీలు మొదటి బొమ్మ నాదవ్వాలి, రీలు నేనే ఎక్కిస్తా. ఒక్క క్లిక్కే. రెండోదానికి లేచిపోతా." అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వరూ మరి? ఊరందరి పెళ్ళిళ్ళూ తీసిన మనిషికి సొంత ఫోటో ఒక్కటి లేదు. టైమరు పెట్టి పరిగెత్తి వచ్చి తీసుకున్న పెళ్ళి ఫోటోలో, పాపం, పోయిన దౌలత్ అత్త నిండుగా ఉంది, ఈయన భుజం మాత్రం ఉంది.

సరే, నీ రీలు సంగతి. మూడో బొమ్మ నెగటివ్ కిటికీకి అడ్డంపెట్టి చూశాను. నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి తాడుతో దిగుతున్న బుట్ట, కింద రొట్టెలవాడు పైకెత్తిన మొహం, పైన ముసలమ్మ చెయ్యి మాత్రమే. చూడగానే నా కళ్ళలో ఎవరో కారం కొట్టినట్టయింది. బాగా రాలేదని నీకు రాద్దామనుకున్నాను. బాగా వచ్చింది. చాలా బాగా వచ్చింది, చాలా?

మిగతావాటిలో సగానికి సగం వెలుతురు ఎక్కువైంది. అరచెయ్యి ఎండలో పెట్టి దానిమీద వేలి నీడ అంచు చూసుకోమని మామయ్య నీకు నేర్పలేదా? నాకైతే నేర్పాడు.

రావియా

*

షుబ్రా, కైరో,
నవంబరు.

నా బంగారు చెల్లెలు రావియాకి,

పొట్లం అందింది. నెగటివ్‌ల మీద ఒక్క గీత లేదు, ఒక్క నీటి మచ్చ లేదు. నీ నోరు కూడా నీ చేతులంత శుభ్రంగా ఉంటే ఎంత బాగుండేదే!

నాకు బెల్లం వచ్చిందని ఏడుస్తున్నావు. విను. మా నాన్నకి కైరోలో ఉద్యోగమొచ్చిందని నన్ను మూటలతో పాటు ఇక్కడికి తెచ్చి పడేశారు. పండక్కి వచ్చినప్పుడల్లా నువ్వూ మామయ్యా ఆ ఎర్ర బల్బు కింద లోపలెక్కడో ఉండేవారు. మీ గుసగుసలు వినపడేవి, నవ్వులు వినపడేవి. తలుపు తడితే "తెరవకే, కాగితం నల్లబడిపోద్ది!" అని ఇద్దరూ ఒకేసారి అరిచేవారు. బయట కస్టమర్ల బెంచీ మీద ఒక్కదాన్నీ కూర్చుని, గోడ మీద ఎవరెవరివో పెళ్ళికూతుళ్ళ ఫోటోలు చూస్తూ ఉండేదాన్ని. నీ పసుపు గోళ్ళు చూస్తే నాకెంత కుళ్ళుగా ఉండేదో తెలుసా? ఒకసారి ఇంటికెళ్ళి గోళ్ళకి పసుపు కూడా రాసుకున్నాను. మా అమ్మ కొట్టింది.

కాబట్టి అసూయ నీ ఒక్కదాని సొత్తు అనుకోకు.

కెమెరాతో వీధిలోకి వెళ్తే ఇక్కడ పెద్ద సర్కసు. మొన్న చిలగడదుంపలు కాల్చే అతన్ని తీశాను. తీయగానే చెయ్యి చాపాడు.

"ఏదీ, చూపించండి మేడమ్."

"ఇందులో కనపడదండీ. రీలు అయిపోవాలి, పోర్ట్ సయీద్ పంపాలి, అక్కడ మా చెల్లెలు కడగాలి."

"నా మొహం నేను చూసుకోడానికి పోర్ట్ సయీద్ దాకా పోవాలా! అంతకంటే పెళ్ళి చేసుకోవడమే తొందరగా అవుద్దిగా!" అని చుట్టూ ఉన్నవాళ్ళని నవ్వించాడు. ఆ బొమ్మ ఎలా వచ్చిందో చూసి చెప్పు. అతనికి ఒక ప్రింటు ఇస్తానని మాటిచ్చాను.

నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలు కూడా కెమెరా వెనక్కి తిప్పి తెర కోసం వెతుకుతారు. వెనక ఏమీ లేదని తెలిశాక మళ్ళీ ముందుకొచ్చి బుద్ధిగా నిలబడతారు. అదేంటో, చూసుకోడానికి ఏమీ లేకపోతే మనుషులు సరిగ్గా నిలబడతారు.

మామయ్య ఎలా ఉన్నాడు? నా సలాం చెప్పు.

ఇనాస్

*

పోర్ట్ సయీద్,
నవంబరు చివర.

మహానటి ఇనాస్ గారికి,

"మామయ్యకి నా సలాం చెప్పు!" ఎంత ముద్దుగా రాశావమ్మా! నీ సోఫాలో కూర్చుని, నీ చేతి ములుఖియా కూర తింటూ, నీ టీవీ చూస్తున్న మనిషికి పోర్ట్ సయీద్ నుంచి నేను సలాం చెప్పాలా? తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే!

నాకేమో "ఇస్మాయిలియాలో స్నేహితుడి దగ్గర కొన్నాళ్ళు ఉండొస్తా" అని చెప్పి సంచి సర్దుకున్నాడు. నేను అమాయకంగా దారికని వేయించిన చేపలు కూడా కట్టిచ్చాను. నిన్న పక్కింటి ఉమ్ వాయెల్ మెట్ల మీద ఆపి, "మీ మామయ్యకి కంటిపొర తీసేశారటగా, అల్లా దయ, మా వాయెల్ కైరోలో ఆసుపత్రి దగ్గర చూశాడట, పక్కన ఎవరో కళ్ళజోడావిడ ఉందట" అంది. కళ్ళజోడావిడ! నా మొహం ఎలా అయ్యుంటుందో ఊహించుకో. "అవునవును, నాకు తెలుసు" అన్నాను. అబద్ధం చెబుతూ బంగాళాదుంపల సంచి మెట్ల మీద వదిలేశాను. కింది అంతస్తు దాకా దొర్లాయి.

ఆయన కళ్ళకి మసకలు వస్తున్నాయని మొదట కనిపెట్టింది నేను. ఉప్పు బదులు చక్కెర వేసుకున్న రోజు చూసింది నేను. డాక్టరు దగ్గరికి పదమని నెత్తీ నోరూ కొట్టుకున్నది నేను. కట్టు విప్పినప్పుడు ఎదురుగా ఉన్న మొహం మాత్రం నీది. కొత్త కళ్ళతో మొదట నిన్ను చూశాడు కదూ? చెప్పకు. నాకు తెలుసు.

ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. ఫోటోకి కూర్చున్నాడా, లేదా? అల్లా మీద ఒట్టేసి చెప్పు.

కెమెరా నా వంతు వచ్చేస్తోంది. ఆయన తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతికే ఇచ్చి పంపు. షలబీ బస్సులో వెనక సీటు కింద పడేసి పంపకు.

రావియా

*

షుబ్రా, కైరో,
డిసెంబరు.

రావియా,

తిట్టు. తిట్టాల్సినదానివే. కానీ నీకు చెప్పొద్దన్నది మామయ్యే. "దానికి చెబితే అదీ వస్తుంది, మంచానికి ఇటొకతె అటొకతె నిలబడి తన్నుకుంటారు, డాక్టరు నా కన్ను బదులు చెవి కోస్తాడు" అన్నాడు. కాదనగలనా?

కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇప్పుడు ఎదురింటి బాల్కనీలో ఆరేసిన చొక్కాకి గుండీ ఊడిందని ఇక్కడ్నుంచే చెబుతున్నాడు. నా గోడల రంగు బాగోలేదన్నాడు, నా మొహాన ముడతలు వచ్చాయన్నాడు. కొత్త కళ్ళతో మొదట చూసింది నన్నే. అయితే చూసి అన్నది "రావియా ఏదీ?" అని. రాయకూడదనుకున్నాను, రాసేశాను. ఆ మాట విన్నప్పుడు నాకు ఎలా ఉండి ఉంటుందో నువ్వు ఊహించుకో ఈసారి.

ఫోటోకి కూర్చోలేదు. నేను అడగనూలేదు. కంటికి మందు వేసుకుంటున్న మనిషిని ఏం కూర్చోబెడతాను?

గురువారం బస్సుకి వస్తున్నాడు. కెమెరా సంచి ఆయన ఒళ్ళోనే ఉంటుంది. అందులో కొత్త రీళ్ళు కొన్ని పెట్టాను, ఇవి దొరకడమే గగనమైపోతోంది, చూసి వాడుకో. నేను వాడేసిన రీలు ఒకటి ఇక్కడే ఉంచుకున్నాను. వీధి బొమ్మలే, పెద్ద విశేషం లేదు. ప్రతిసారీ నీకు శ్రమ ఎందుకని ఇక్కడే ఒక ల్యాబులో కడిగిస్తాను.

ఆయనకి ఉప్పు తగ్గించు.

ఇనాస్

*

పోర్ట్ సయీద్,
జనవరి.

అక్కా!

కూర్చున్నాడు! నా ముందు కూర్చున్నాడు!

నేను అడగలేదు, బతిమాలలేదు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, తల దువ్వుకుని, "స్టూడియో తాళం తియ్యవే" అన్నాడు. మూసేసిన స్టూడియోలో దుమ్ము ఎంత ఉందో! పాత నల్ల తెర దించి దులిపాను. రీలు ఆయనే ఎక్కించాడు. ఫిల్ము నాలుక చివర చక్రంలో దూర్చి, చక్రం పళ్ళకి పట్టిందో లేదో బొటనవేలితో తడిమి, మూత వేశాడు. ఆ వేళ్ళు చూస్తుంటే నాకు చిన్నప్పటి రోజులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

బల్ల మధ్యలో కూర్చోడే! కుడి పక్కకి, పూర్తిగా అంచుకి జరిగాడు. మన చిన్నప్పుడు కొత్త జంటలు వస్తే మొగుడికి చెప్పేవాడు చూడు, "కాస్త జరిగి కూర్చోండి, రెండోవాళ్ళకి జాగా వదలండి" అని, అచ్చం అలాగే.

"మామయ్యా, సగం ఖాళీగా ఉంది."

"ఉండనీ. అది దౌలత్‌ది."

ఇంకేం మాట్లాడతాను? నేరుగా కెమెరాలోకి చూశాడు. మొహం గంభీరంగా పెట్టాడు గానీ పెదవి చివర నవ్వు దాగట్లేదు. ఊపిరి బిగబట్టి నొక్కాను. ఆ జెనిట్ చప్పుడు నీకు తెలుసుగా, తలుపు మూసినట్టుంటుంది. అయిపోయింది. లేచి చేతులు దులుపుకుని, "ఇనాస్‌కి రాయకు" అన్నాడు. ఇదిగో రాస్తున్నాను. రాయకపోతే నా గుండె పగిలిపోదూ!

నీ ఇంట్లో అన్నాళ్ళు ఉండి నీ ముందు కూర్చోలేదు. వచ్చీ రాగానే నా ముందు కూర్చున్నాడు. మహాతల్లీ, ఇప్పుడు తెలిసిందా ఎవరి విలువ ఏంటో?

మిగతా రీలంతా ఊరి మీద తీస్తున్నాను. పోర్ట్ ఫవాద్ వైపు వెళ్ళే పడవలూ, రొట్టె ముక్కల కోసం వెంటపడే పక్షులూ, కాలువలో పెద్ద ఓడలూ. నాక్కావాల్సిన మందు అలెగ్జాండ్రియా నుంచి రావాలి. రాగానే కడిగి నీకొక ప్రింటు పంపిస్తాను. ఫ్రేము కట్టించుకో.

గెలిచిన నీ చెల్లెలు,
రావియా

*

షుబ్రా, కైరో,
ఫిబ్రవరి.

రావియా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి చేతులు రాలేదు.

నేను నీతో అబద్ధం చెప్పాను. మామయ్య నా ముందు కూడా కూర్చున్నాడు. నీకంటే ముందే. హాల్లో గోడకి ముదురు గోధుమరంగు దుప్పటి కట్టించి, రీలు తనే ఎక్కించి, సోఫా ఎడమ అంచుకి జరిగి కూర్చున్నాడు. ఆ ఖాళీ ఏంటని నేనూ అడిగాను. "దౌలత్‌ది" అనే చెప్పాడు. ఆ ఖాళీ వైపు తిరిగి, ఎవరికో చెవిలో హాస్యం చెబుతున్నట్టు మొహం పెట్టాడు. అప్పుడు నొక్కాను. నా జన్మలో అంత మంచి బొమ్మ తీసి ఉండను. "రావియాకి చెప్పకు" అన్నాడు. నేను నీలా కాదు, చెప్పలేదు. నీకు పంపితే కడిగేటప్పుడు చూస్తావని, చూసి కుళ్ళుతో ఏం చేస్తావోనని ఆ రీలు దాచుకున్నాను. మిగతా బొమ్మలు వీధిలోనూ బడిలోనూ తీసి, వెనక్కి చుట్టి, అయిపోయిన రీలని గుర్తుగా మామయ్య నేర్పినట్టే నాలుక చివర మడిచి సొరుగులో పెట్టాను.

ల్యాబులో ఇచ్చాను. నిన్న వెళ్తే కౌంటరు దగ్గర అమ్మాయి పొడుగ్గా ఒక ఖాళీ ఫిల్ము చేతిలో పెట్టింది. అద్దంలా ఉంది. అంచున అంకెలు తప్ప ఒక్క బొమ్మ లేదు.

"దీని మీద అసలు వెలుతురే పడలేదు మేడమ్. కెమెరాలో రీలు కదల్లేదు. పళ్ళకి పట్టకపోతే ఇలా అవుద్ది."

నేను చూసుకోవాల్సింది. రీలు కదులుతుంటే వెనక్కి చుట్టే గుండీ కూడా తిరగాలని నాకు తెలుసు. ఎక్కించింది మామయ్య కదాని ఒక్కసారి కూడా అటు చూడలేదు.

రావియా, ఒక్క మాట వింటావా? ఇది మామయ్యకి చెప్పకు. అప్పటికి ఆపరేషనై వారం కూడా కాలేదు. కళ్ళు ఇంకా ఆనక రీలు పళ్ళకి పట్టించలేకపోయి ఉంటాడు. వేల రీళ్ళు ఎక్కించిన మనిషి. తన చేతిలో రీలు తప్పిందని తెలిస్తే కుమిలిపోతాడు. నేను తీసిన బొమ్మ బాగా రాలేదని, నేనే సరిగ్గా తీయలేదని చెప్పేస్తాను. ఆయన ముందు నాకు పోయేదేం లేదు.

కెమెరా ఉంచుకో. గెలిచావు. మనసారా అంటున్నానని అనుకోకు, నిన్నంతా ఏడుస్తూనే ఉన్నాను. అయినా ఉంచుకో.

ఇనాస్

*

పోర్ట్ సయీద్,
మార్చి.

ఇనాస్ అక్కా,

కూర్చుని చదువు. పొట్లంలో ఉన్న కవరు ఇప్పుడే చించకు, ముందు ఇది చదువు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మందు వచ్చింది. రీలు కడిగాను. కడిగి తీగకి వేలాడదీసి చూశాను. అన్ని బొమ్మలూ చిక్కగా, ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. చెడిపోయిందనుకున్నాను. అంతలో నా పడవ కనపడింది. ఆ పడవ మీద తాళ్ళకి బట్టలు ఆరేసి ఉన్నాయి! షుబ్రా బట్టలు, అక్కా. నా ఓడ వెళ్తున్న కాలువలోకి మళ్ళీ ఒక షుబ్రా రొట్టెల బుట్ట దిగుతోంది. నీ క్లాసు పిల్లల తలల మీద నా సముద్రపు పక్షులు ఎగురుతున్నాయి.

నీ రీలు ఎక్కడికీ పోలేదు. నువ్వు తీసిన రీలు మీదే నేను మళ్ళీ తీశాను.

మొదటి బొమ్మ చూడ్డానికి భయమేసింది. చిన్న కాగితం మీద ప్రింటు వేసి చూశాను. నీ దుప్పటి నలుపులో కలిసింది, నా తెర నలుపులో కలిసింది. ఆ నలుపులో ఒకే బల్ల మీద ఇద్దరు మామయ్యలు పక్కపక్కన కూర్చున్నారు. ఎడమ పక్కనున్నవాడు చెవిలో హాస్యం చెబుతున్నాడు. కుడి పక్కనున్నవాడు నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు. ఇద్దరూ తెల్లగా, స్పష్టంగా, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేట్టు ఉన్నారు.

ఇప్పుడు నేనేం చేశానో చెబుతాను. నువ్వెలాగూ ఓడిపోయానని రాశావు. నీ సగం ఉందని నీకు తెలీదు. ఎవరికీ తెలీదు. నల్ల అట్ట ముక్క ఒకటి తీసుకుని, నీ మామయ్య మీద కప్పి, నావాణ్ణి మాత్రం ప్రింటు వేశాను. ఆరకముందే పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత నావైపు చూశాడు.

"సగం ఏదే?"

దొంగకి తేలు కుట్టినట్టైంది నాకు. "ఏ సగం మామయ్యా?"

"ఇనాస్ సగం."

అక్కా, ఈ ముసలాయన చేసిన పనే ఇదంతా! నువ్వు బడికెళ్ళిన పూట నీ సొరుగులో నీ రీలు తీసుకుని, కొత్త రీలు నాలుక మడిచి అక్కడ పెట్టాడు. నీది తన జేబులో వేసుకుని వచ్చి, మడత విప్పి, నా కెమెరాలో తన చేత్తోనే ఎక్కించాడు. నీ దగ్గర ఏ పంటికి ఏ రంధ్రం తగిలించాడో నా దగ్గర కూడా అక్కడే తగిలించాడట. అందుకే ఇద్దరితోనూ మొదటి బొమ్మ నాదేనన్నాడు, అందుకే నీ దగ్గర అటూ నా దగ్గర ఇటూ జరిగి కూర్చున్నాడు. కళ్ళు ఆనలేదా? డేగ కళ్ళు!

"ఆ ఖాళీ దౌలత్ అత్తదని చెప్పావు కదా!" అని అరిచాను.

"దౌలత్ పేరెత్తితే మీరు నోరు మూసుకుంటారని చెప్పా. లేకపోతే ఊరుకుంటారా? నేను పోయాక ఒకదాని దగ్గర కెమెరా, ఒకదాని దగ్గర డార్క్‌రూమ్, మధ్యలో బ్లాక్ చేసిన ఫోను! ఆ కెమెరాతో ఏం చేస్తారే, పచ్చడి నూరతారా?" అని నామీదే ఎగిరాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ఉత్తరం తెచ్చి చదివి వినిపించాను. చెప్పొద్దన్నావు, తెలుసు. చదవాలనే చదివాను. "నీ చేతిలో రీలు తప్పిందని తెలిస్తే నువ్వు కుమిలిపోతావట, అందుకని అది తనే సరిగ్గా తీయలేదని చెప్పుకుంటుందట. ఏడుస్తోందట. సంతోషమా?" అన్నాను. బల్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, డాక్టరు రుద్దొద్దన్నాడుగా. నా తలగుడ్డ చెంగుతో నేనే అద్దాను.

"దాన్ని ఏడిపించానంటే నా చేతులు విరగ్గొట్టాలి" అన్నాడు.

నాకు సిగ్గేసింది అక్కా. నీ సగం మీద అట్ట కప్పినందుకు సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే ఎక్కువ ఏమైందో తెలుసా? కుళ్ళు. నీ బొమ్మ పోయిందనుకుని కూడా ముందు ఆయన మనసు గురించి ఆలోచించావు. ఆ స్థానంలో నేనుంటే పోర్ట్ సయీద్ అంతా వినపడేట్టు ఆయన్ని దులిపేసేదాన్ని. ఆయన్ని అంతలా ప్రేమించడం నీకెక్కడ అబ్బింది? ఎర్ర బల్బు కింద ఆయన పక్కన నిలబడింది నేను కదా!

మళ్ళీ డార్క్‌రూమ్‌లోకి వెళ్ళి, అట్ట తీసేసి, పూర్తి బొమ్మ వేశాను. పెద్ద కాగితం మీద. మూసేసిన స్టూడియో అద్దాల కిటికీలో ఆయనే తగిలించాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ అడుగుతున్నారు, "ఈయనకి కవల తమ్ముడున్నాడా?" అని. ఉమ్ వాయెల్ అయితే ఆ రెండోవాడికి పెళ్ళైందా అని అడిగింది.

కెమెరా సంగతి తేల్చమన్నాను. "నాకు నచ్చిన బొమ్మ తీసినవాళ్ళదని చెప్పాగా? నచ్చింది. తీసినవాళ్ళని వచ్చి తీసుకోమను" అన్నాడు. మన సంగతి తేలేదాకా తన దిండు కింద పెట్టుకుని పడుకుంటాడట.

ఇప్పుడు కవరు చించు. ఒక్క మాట మాత్రం ఒప్పుకుని తీరాలి. ఇద్దరిలో నవ్వు ఆపుకుంటున్నవాడే బాగున్నాడు. వాడు నావాడు.

రావియా

*

షుబ్రా, కైరో,
మార్చి.

రావియా,

బొమ్మ చూసి స్టాఫు రూములో గట్టిగా నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను. టీచర్లందరూ చుట్టూ మూగారు. మా చెల్లెలూ నేనూ కలిసి తీశామని చెప్పాను. "కలిసి ఎలా తీస్తారు, ఒకే కెమెరా కదా" అన్నారు. వివరించలేక వదిలేశాను.

గురువారం షలబీ బస్సుకి వస్తున్నాను. నేను వచ్చేదాకా కెమెరాలో రీలు ఎక్కించకు. మామయ్యని అసలు ఎక్కించనివ్వకు. ఈసారి నన్ను కూడా డార్క్‌రూమ్ లోపలికి రానివ్వాలి, బెంచీ మీద కూర్చోను. బయట తలుపు దగ్గర ఆయన్ని కూర్చోబెడదాం. తడితే ఇద్దరం కలిసి అరుద్దాం.

అట్ట కప్పినందుకు నిన్ను క్షమించానని రాయాలని ఉంది. ఇంకా క్షమించలేదు. వచ్చాక చూద్దాం.

ఇక నీ మామయ్య బాగున్నాడంటావా? సరే, బాగున్నాడు. కానీ వాడు నవ్వుతోంది నావాడు చెప్పిన హాస్యానికి.

ఇనాస్